ట్రెంబత్ గారికి తోడు

ఓర్విల్ ట్రెంబత్ గారికి భయం. దేనికని అడగకండి, అడిగితే ఆ ప్రశ్నకు కూడా భయపడేవారు. పులికీ పాముకీ భయపడేవాళ్ళు లోకమంతా ఉన్నారు, అందులో విశేషం లేదు. ఆయన టోస్టరుకు భయపడేవారు. రొట్టె ఏ క్షణాన పైకి ఎగురుతుందో అది ముందుగా చెప్పదు కదా అని ఆయన అభ్యంతరం. లిఫ్టంటే భయం, మధ్యలో ఆగిపోతుందని. మెట్లంటే భయం, జారితే మధ్యలో ఆగమని. పుట్టినరోజు కేకు మీద కొవ్వొత్తి వెలిగిస్తే పక్కన నీళ్ళ గ్లాసు పెట్టించేవారు. ఊదేటప్పుడు మమ్మల్ని ఓ అడుగు వెనక్కి జరగమనేవారు.

ఇలాంటి మనిషి ఏ మారుమూల పోస్టాఫీసులోనో ముద్రలు కొట్టుకుంటూ కూర్చునుంటే ఎవరికీ పట్టేది కాదు. కానీ ఆయన మా రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తి. మేం ఐదుగురం జడ్జీలం. ఆయన పక్క కుర్చీ నాది. నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్దవారు. కోర్టు మొదలయ్యే ముందు నల్లగౌన్లు తొడుక్కుని తెర వెనక నిలబడితే, ప్రతిసారీ నా చెవి దగ్గరికి వంగేవారు.

"మావిస్, జనం ఎక్కువున్నారా?"

"ఇద్దరు లాయర్లు, కునికిపాట్లు పడుతున్న ఒక విలేకరి."

"ముగ్గురే! అమ్మో. నువ్వు ముందు నడువు తల్లీ, నీ వెనకాలే నేనొస్తా."

"నాకు భయంగా ఉంది, కాస్త తోడొస్తావా?" అన్నది ఆయన ఊతపదం. ఆ మాట వినని ఉద్యోగి మా భవనంలో లేడు. పోర్టరూ, లైబ్రేరియనూ, ఆఖరికి తొలిరోజు ఉద్యోగంలో చేరిన గుమాస్తా కూడా. మా ఆఫీసులో టైపు చేసే డార్లా అయితే రెండు చలికాలాల పాటు రోజూ సాయంత్రం ఆయన్ని కారు దాకా దిగబెట్టి, పక్కనే ఉన్న తన కారెక్కేది. పార్కింగు పక్కన చెరువులో పెద్దబాతులున్నాయట, అవి పొడుస్తాయట.

"చలికాలంలో బాతులు దక్షిణానికి పోతాయి కదండీ?" అని ఒకసారి అడిగాను.

"అదే కదా నా భయం! ఎప్పుడు తిరిగొస్తాయో చెప్పి పోలేదు," అన్నారాయన.

మా రాష్ట్రంలో జడ్జీలను జనమే ఓట్లేసి ఎన్నుకుంటారు. ఈయన ఎలా గెలిచారని మీకు అనుమానం రావచ్చు. మొదటిసారి నిలబడ్డప్పుడు పశువుల సంతలో ప్రచారం చేశారట. ప్రత్యర్థి ఛాతీ విరుచుకుని, "నేను దేనికీ భయపడే మనిషిని కాదు," అని గర్జించి దిగాడు. తర్వాత ఈయన ఎక్కారు. మైకు కీచుమంటే ఎగిరిపడ్డారు. బహుమతి గెలిచిన పంది ఒకటి వేదిక పక్కన గుర్రుమంటే అటు పక్కకు జరిగారు. జరిగినచోటే నిలబడి, "అయ్యలారా, అమ్మలారా, నాకు ఈ పంది కంటే కూడా ప్రభుత్వమంటే భయం. నేను నిద్రపోయేటప్పుడు అది మేలుకుని ఉంటుంది. మీలో ఎవరికైనా ఆ భయముంటే నాకు ఓటెయ్యండి. లేనివాళ్ళు ఆయనకెయ్యండి," అన్నారట. జనం కడుపుబ్బ నవ్వారు. నవ్వుకుంటూనే వెళ్ళి ఈయనకే వేశారు.

రాజ్యాంగం గురించి కూడా ఆయన సిద్ధాంతం అదే.

"రాజ్యాంగమంటే ఏమిటనుకున్నావ్ మావిస్? భయస్థులంతా కూర్చుని రాసుకున్న పుస్తకం. ధైర్యవంతుడికి పుస్తకంతో పనేంటి, ఎదురొచ్చినవాణ్ణి నాలుగు బాదుతాడు."

"దేశానికంతటికీ ఒకటుంది కదండీ. మళ్ళీ మన రాష్ట్రానికి వేరే ఎందుకు?"

"వాళ్ళు రాజుకి భయపడి రాసుకున్నారు. మనకి రాజెక్కడున్నాడు? మనవాళ్ళు రాగి గనుల కంపెనీకి భయపడ్డారు. కూలివాడు ఏం తింటున్నాడు, ఎవరితో మాట్లాడుతున్నాడు అని కంపెనీ మనుషులు కిటికీల్లోంచి తొంగి చూసేవాళ్ళు. పోలీసు పెద్ద షరీఫూ వాళ్ళ మనిషే. అందుకని మన పుస్తకంలో ఒక వాక్యం పెట్టారు, వాషింగ్టన్ వాళ్ళ దాంట్లో అది లేదు: తగిన కారణం చూపకుండా మనిషి ఏకాంతంలోకి ప్రభుత్వం తొంగి చూడరాదు. ఎవరి భయం వాళ్ళు రాసుకోవాలి తల్లీ. ఒకరి భయం ఇంకొకరికి సరిపోదు, బూట్ల లాగా."

ఆ వాక్యమే చివరికి మా అందరి మెడకూ చుట్టుకుంది.

కోల్డ్ ఫోర్క్ అని మా కొండల్లో ఒక చిన్న ఊరు. ఒక ఎండు వేసవిలో అక్కడ గడ్డి కొట్టాలు తగలబడటం మొదలైంది. మొదట ఖాళీ కొట్టం. తర్వాత గుర్రాలున్న కొట్టం. ఆ తర్వాత ఓపల్ బ్రేడీ అనే ముసలావిడ ఇంటిని ఆనుకుని ఉన్న షెడ్డు. గాలి కాస్త ఇటు తిరిగి ఉంటే ఆవిడ మంచంలోనే బూడిదయ్యేది. అక్కణ్ణించి ఆ ఊరు నిద్రపోలేదు. బూట్లు విప్పకుండా పడుకున్నారు. గుమ్మాల్లో నీళ్ళ బకెట్లు పెట్టుకుని వంతులవారీగా కాపలా కాశారు. ఎవరి పెనం మీదైనా బేకన్ మాడితే వీధంతా బయటికి పరుగెత్తేది. పక్కింటివాణ్ణి పక్కింటివాడు కళ్ళు చికిలించి చూడటం మొదలుపెట్టాడు.

చివరికి అందరి కళ్ళూ లెనార్డ్ హకాలా మీద పడ్డాయి. సైన్‌బోర్డులు రాసుకునే పెయింటరు. తలుపు దగ్గర తల వంచితే గానీ లోపలికి పట్టని మనిషి. ఒంటరివాడు, నోరు విప్పి మాట్లాడడు. ప్రతి మంట దగ్గరికీ వచ్చాడు, దూరంగా నిలబడి చూశాడు, వెళ్ళిపోయాడు. అతని మీద ఉన్న ఆధారం అంతే. అంతతో ఏ మేజిస్ట్రేటూ వారంటు ఇవ్వడు. అందుకని షరీఫు మనుషులు వారంటు మాటే ఎత్తకుండా, అతని ఇంటి వెనక సందులో పెట్టిన చెత్త సంచులు ఎత్తుకుపోయి విప్పి చూశారు. కిరసనాయిలు కంపు కొట్టే గుడ్డపీలికలు దొరికాయి. వాటిని చూపించి వారంటు, దాంతో ఇల్లు సోదా, అరెస్టు, జైలు. "అవి బ్రష్షులు తుడుచుకున్న గుడ్డలు," అన్నాడు హకాలా. ఎవరూ నమ్మలేదు. కాగితాలు చదివినప్పుడు నేనూ నమ్మలేదు.

అప్పీలు మా దగ్గరికి వచ్చింది. వీధిలో పెట్టేసిన చెత్త మీద ఎవరికీ ఏ హక్కూ లేదని వాషింగ్టన్‌లోని పెద్ద కోర్టు అప్పటికే తేల్చేసింది. మా వాక్యం ఏమంటుందన్నదే మిగిలింది.

వాదన రోజు హాలు కిటకిటలాడింది. కోల్డ్ ఫోర్క్ నుంచి ఒక బస్సు నిండా జనం వచ్చి కూర్చున్నారు. ట్రెంబత్ గారు నా గౌను అంచు పట్టుకునే లోపలికి వచ్చారు. ప్రభుత్వ న్యాయవాది స్టర్జిస్ లేచి, "చెత్త వీధిలో పెట్టినవాడు దాన్ని వదులుకున్నట్టే," అని మొదలుపెట్టాడు.

"స్టర్జిస్ గారూ, మీ ఇంటి చెత్త ఎవరైనా విప్పి చూస్తే మీకు భయం లేదాండీ?" అని ట్రెంబత్ గారు అడ్డొచ్చారు.

"లేదండీ. నేను దాచుకునేదేం లేదు."

"అబ్బ, ఎంత ధైర్యం! నాకైతే చెమటలు పడతాయి. మా సంచిలో నా మాత్రల అట్టలుంటాయి, మా ఆవిడ నాకు చెప్పకుండా కొన్న టోపీల రసీదులుంటాయి. మీ సంచిలో ఏముంటాయి?"

"మామూలువే. కాఫీ పిప్పి, గుడ్డు పెంకులు..."

"ఇంకా?"

"బేకరీ పై డబ్బాలు."

"ఏం పై?"

"హకిల్‌బెర్రీ," అన్నాడు స్టర్జిస్, గొంతు తగ్గించి.

మూడో వరసలో కూర్చున్న స్టర్జిస్ భార్య చేతులు కట్టుకుంది. డాక్టరు చెప్పాడని ఆవిడ ఆయనకు తీపి మాన్పించి, కొన్నాళ్ళుగా ఉడికించిన కూరలు తప్ప పెట్టడం లేదని మా చిన్న రాజధానిలో అందరికీ తెలుసు.

"ఎన్ని డబ్బాలుండొచ్చు?"

"ఈ ప్రశ్నకూ కేసుకూ సంబంధం లేదని మనవి చేసుకుంటున్నాను!"

"చూశారా, మీక్కూడా భయమేసింది. పాపం," అన్నారు ట్రెంబత్ గారు, ఎంతో సానుభూతిగా. హాలంతా గొల్లుమంది. కోల్డ్ ఫోర్క్ వాళ్ళు మాత్రం నవ్వలేదు. ముందు వరసలో ఓపల్ బ్రేడీ బిగించిన పెదవులతో నన్నే చూస్తోంది.

తలుపులు మూసుకుని ఐదుగురం కూర్చున్నాం. "చెత్త చెత్తే కదా ఓర్విల్. వాషింగ్టన్ చెప్పాక మళ్ళీ మనమెవరం?" అన్నారు చీఫ్ జస్టిస్ బర్డెట్ గారు.

"వాళ్ళు మన హక్కులకి వేసింది నేల బర్డెట్. దాని కిందకి మనల్ని దిగొద్దన్నారు, అంతే. పైన కప్పు వేసుకోవద్దని ఎవరన్నారు? నాకసలే వానంటే భయం."

ఇద్దరు ఇటు, ఇద్దరు అటు తేలారు. మిగిలింది నేను. ఆ నవంబరులో నా కుర్చీకే ఎన్నిక. నా మీద పోటీ చేస్తున్నాయన పోస్టరు మీద తన బొమ్మ కంటే అగ్నిమాపక బండి బొమ్మ పెద్దగా వేయించుకున్నాడు. ఆలోచించుకుంటానని చెప్పి లేచాను.

ఆ వారమే ఫోన్లు మొదలయ్యాయి. సరిగ్గా భోజనానికి కూర్చునే వేళకి మోగేది. ఎత్తితే మాట ఉండదు. ఊపిరి వినిపించేది. తర్వాత అగ్గిపుల్ల గీసిన చప్పుడు. చిన్నగా భుగ్గుమనేది. పెట్టేసేవాళ్ళు. ఆ తర్వాత ఒక పొద్దున తలుపు తీస్తే నా గుమ్మం మెట్ల మీద, ఒక్కో మెట్టుకి ఒక్కోటి చొప్పున కాలిన అగ్గిపుల్లలు పేర్చి ఉన్నాయి. ఆఖరిది నా తలుపుకు ఆనించి ఉంది.

నేను ఒంటరిదాన్ని. పోలీసులకు చెబితే రాసుకుని వెళ్ళారు. కోర్టులో ఎవరికీ చెప్పలేదు. ఎన్నికల్లో నిలబడ్డ ఆడజడ్జి భయపడుతోందని తెలిస్తే ఇంకేమైనా ఉందా? మెట్లు ఊడ్చి, పెదాలకు రంగు వేసుకుని, ఆఫీసుకు వెళ్ళాను. చేతిలో కాఫీ కప్పు మాత్రం సాసరు మీద టకటకలాడింది. ట్రెంబత్ గారు దాన్ని చూశారో లేదో నాకు తెలియదు.

మధ్యాహ్నం నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డారు.

"మావిస్, గాలికి మా ఇంటి కిటికీలు కొట్టుకుంటున్నాయమ్మా. ఎవరో తడుతున్నట్టే ఉంటోంది. నాకు భయంగా ఉంది. నీ ఇల్లు గట్టిది కదా, కొన్నాళ్ళు మాకు తోడుంటావా?"

నాకు ఒళ్ళు మండింది. నా ప్రాణం మీదికి వచ్చి నేను ఏడుస్తుంటే ఈ పిరికి పెద్దమనిషికి నేను కాపలా కాయాలా! కాదనేలోపే, సాయంత్రానికి పెట్టెలతో దిగిపోయారు. వెనకాల ఆయన భార్య లవీనియా గారు, ఆవిడ వెనకాల ఆవిడ టోపీల డబ్బాలు. ఆవిడ గొంతు పెద్దది. ఇంట్లో మాట్లాడితే పక్క వీధిలో సమాధానం వచ్చేది.

ఆ రోజు కూడా భోజనం వేళకు ఫోను మోగింది. లవీనియా గారు వెళ్ళి ఎత్తారు. కాసేపు విన్నారు.

"ఏం బాబూ, పొయ్యి వెలగడం లేదా? పుల్లలు చెమ్మగిల్లి ఉంటాయి, కాసేపు ఎండలో పెట్టు. మీ అమ్మ లేదా ఇంట్లో? ఉంటే పిలువు, నేను చెప్తా!"

అవతల టక్కున పెట్టేశారు. తర్వాత మళ్ళీ మోగలేదు.

ట్రెంబత్ గారు మాత్రం చీకటి పడుతుంటే మొదలుపెట్టేవారు. "మావిస్, వెనక తలుపు గడియ వేశామంటావా? నాతో రా, చూసొద్దాం." చూసొచ్చేవాళ్ళం. "గ్యారేజీ?" చూసొచ్చేవాళ్ళం. "మంచం కింద?" ఆయన మంచం కిందా, నా మంచం కిందా టార్చి వేసి నేనే వంగి చూసేదాన్ని, ఆయన తలుపు దగ్గర నిలబడి "ఎవరూ లేరు కదా? సరిగ్గా చూడు," అనేవారు. ఆయన భయాన్ని చూసుకునేసరికి నా భయానికి తీరిక ఉండేది కాదు. పడుకుంటే నిద్ర పట్టేది.

అది చెత్తబండి వచ్చే రోజు పొద్దున. సంచి కట్టి గేటు బయట పెట్టి వెనక్కి తిరిగాను. నాలుగడుగులు వేసి ఆగిపోయాను. ఆ సంచిలో నా నిద్రమాత్రల అట్టలున్నాయి. దిగులేసినప్పుడల్లా తిన్న చాక్లెట్ల కాగితాలున్నాయి. మెట్ల మీంచి ఊడ్చిన అగ్గిపుల్లలున్నాయి. దాన్ని విప్పినవాడికి, నేను నోరు తెరిచి ఎవరికీ చెప్పుకోని భయమంతా పోగుపోసినట్టు దొరుకుతుంది. పోస్టరు మీద అగ్నిమాపక బండి పెట్టుకున్నవాడికి అంతకంటే ఏం కావాలి? వెళ్ళి ఆ సంచి తెచ్చుకున్నాను.

వరండాలో ట్రెంబత్ గారు పడకబట్టల మీద కోటు బిగించుకుని నిలబడి ఉన్నారు.

"వెనక్కి తెచ్చావేమ్మా?"

"ఏం లేదు. రేపు పెడతా."

"మంచిది. మాది కూడా లోపలే ఉంచు," అన్నారు. ఇంకేమీ అడగలేదు. కేసు మాట ఎత్తలేదు.

రేపు వచ్చింది, ఎల్లుండి వచ్చింది, ఇద్దరిలో ఎవరమూ సంచి బయట పెట్టలేదు. చివరికి లవీనియా గారు ముక్కుకు గుడ్డ కట్టుకుని గ్యారేజీలోంచి అరిచారు. "ఇద్దరు జడ్జీలు కలిసి గ్యారేజీని కుప్పతొట్టి చేశారు! ఇదే మీ న్యాయమైతే దీనికింత కంపెందుకో చెప్పండి!"

ఆ సాయంత్రం నేనే కదిపాను. "ఓర్విల్ గారూ, సంచి విప్పుతారన్న హకాలాదీ భయమే, ఒప్పుకుంటాను. మరి ఓపల్ బ్రేడీది?"

"మనందరి భయాల కంటే పెద్దది. అది నిజమే కాబట్టే షరీఫు మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళి, అయ్యా ఇతని మీదే అనుమానం, ఇదిగో కారణం అని చెప్పుకోవాలి. చెప్పడానికి కారణం లేకే సంచి ఎత్తుకుపోయాడు. ఇవాళ ఊరికి హకాలా అంటే భయం. రేపు ఇంకెవరో. కారణం అక్కర్లేదంటే ఆ ఇంకెవరో ఓపలే కావచ్చు."

"మరి అతనే అంటించినవాడైతే? బయటికొచ్చి మళ్ళీ అంటిస్తే?"

ఆయన ముఖంలో ఎప్పుడూ ఉండే ఆ తమాషా భయం లేదు.

"నాకు అన్నిటికంటే ఆ భయమే ఎక్కువ మావిస్. టోస్టరుకు మందుంది, దీనికి లేదు."

మర్నాడు నేను ఆయన వైపు ఓటు వేశాను. మూడు రెండు. బర్డెట్ గారు మంచివారు. ఓడినా నా గురించే ఆలోచించారు. "తీర్పు ఎన్నికలయ్యాక ఇద్దాం. మావిస్ ఎందుకు బలి కావాలి? ఏమంటావ్ ఓర్విల్?"

"నాకైతే వచ్చే ఏడాదికి వాయిదా వెయ్యాలనుంది. అంత భయంగా ఉంది," అన్నారు ట్రెంబత్ గారు. "కానీ జైల్లో కూర్చున్నవాడు మన ఎన్నికల్లో నిలబడలేదు కదా. మావిస్ ఏమంటే అదే."

"ఇచ్చేద్దాం," అన్నాను.

తీర్పు ఆయనే రాశారు. చెత్త సంచి అంటే మూతి కట్టిన ఇల్లు, విప్పాలంటే కారణం చూపించి అడగాలి, అని దాని సారాంశం. ఆ గుడ్డపీలికలను సాక్ష్యంగా చూపకుండా మళ్ళీ విచారణ జరపమన్నాం.

నేను ఓడిపోయాను. కోల్డ్ ఫోర్క్‌లో నాకు ఓటేసినవాళ్ళు ఒక్క కారులో పడతారు. గౌను మడిచి పెట్టెలో పెట్టి, ఒక బేకరీ మేడ మీద గది తీసుకుని ప్రాక్టీసు మొదలుపెట్టాను. హకాలా మీద మిగిలిన ఆధారం దూరం నుంచి చూశాడన్నది ఒక్కటే కాబట్టి కేసు కొట్టేశారు. అతను ఇంటికొచ్చాడు. ఆ తర్వాతి వేసవి అంతా ఆ ఊరు ఆకాశం వంక చూస్తూ గడిపింది. నేనూ పొద్దున్నే పేపరు విప్పాలంటే వణికాను. ఒక్క కొట్టం కూడా కాలలేదు. అంటించినవాడు అతనేనా, కాదా? నాకు ఇవాళ్టికీ తెలియదు.

ఆకులు రాలే కాలంలో ట్రెంబత్ గారు ఫోను చేశారు. కోల్డ్ ఫోర్క్ వాళ్ళు ఆయన్ని తమ ఊరి హాలుకు రమ్మన్నారట, వచ్చి ముఖాముఖి సమాధానం చెప్పమన్నారట.

"మావిస్, నాకు భయంగా ఉంది. తోడొస్తావా?"

"నన్ను చూస్తే ఇంకా మండిపడతారండీ!"

"మంచిదే కదా. తిట్లు ఇద్దరం పంచుకుందాం. నా ఒక్కడివల్ల కాదు."

హాలు నిండిపోయింది. ఒక పక్క బల్ల మీద కాఫీ, ఇంటిదగ్గర చేసి తెచ్చిన పైలు. ఎవరూ వాటిని ముట్టలేదు. ట్రెంబత్ గారు లేచి నిలబడితే మోకాళ్ళు కుర్చీకి తగిలి చప్పుడైంది.

"మా కొట్టాలు తగలబడితే మీ పుస్తకం వచ్చి ఆర్పుతుందా?" అని వెనక నుంచి ఒకడు అరిచాడు.

"ఆర్పదు బాబూ."

"మరి దేనికది?"

"నీ ఇంటి తలుపు తోసుకుని వచ్చేవాణ్ణి 'ఎందుకొచ్చావ్?' అని అడగడానికి."

"మా తలుపు తోసుకుని ఎవడొస్తాడు? మేమేం తప్పు చేశాం?" అని ఇంకొకడు. గోల మొదలైంది. ఆ గోలలో ఓపల్ బ్రేడీ కర్ర ఊతంతో లేచింది. అందరూ ఊరుకున్నారు.

"నేనింకా బూట్లు వేసుకునే పడుకుంటున్నా జడ్జిగారూ. దానికేం చెప్తారు?"

"ఏమీ చెప్పలేనమ్మా. మీ స్థానంలో నేనైతే బూట్లతో పాటు హెల్మెట్టు కూడా పెట్టుకుంటా."

ఎక్కడో ఒక మూల ఎవరో కిసుక్కుమని వెంటనే దగ్గుగా మార్చుకున్నారు. ఓపల్ నవ్వలేదు గానీ కూర్చుంది.

"ఒక్కటి అడుగుతాను. హకాలా తిరిగొచ్చాక మీలో ఎవరైనా అతనితో మాట్లాడారా?" అన్నారు ట్రెంబత్ గారు. కుర్చీలు కిర్రుమన్నాయి. ఎవరో లేచి, ముందు కాఫీ తాగుదాం అన్నారు.

కిటికీ దగ్గరున్న ఒకావిడ ఉలిక్కిపడింది. "అదుగో! మళ్ళీ వచ్చాడు. అలాగే నిలబడి చూస్తాడు!" అందరం కిటికీల దగ్గరికి పోయాం. బయట మసకవెలుతురులో, మైదానం అవతలి చివర, హకాలా నిలబడి ఉన్నాడు. చేతులు జేబుల్లో ఉన్నాయి. కదలడం లేదు. వెనక్కి తిరిగి చూస్తే ట్రెంబత్ గారు లేరు.

పరుగున వరండాలోకి వచ్చాను. ఆయన ఒక్కరే మైదానం దాటుతున్నారు. ఎవరివో రెండు పెద్ద కుక్కలు మొరుగుతూ ఆయన మీదికి దూకాయి. ఆయన ఆగనైనా ఆగలేదు. "ఛీ, పొండి," అని చెయ్యి విసిరారు, అవి తోక ముడుచుకున్నాయి. కాళ్ళు వణకలేదు, అడుగు తడబడలేదు. నేను నోరు తెరుచుకుని ఆయన వెనకాలే వెళ్ళాను. హకాలాకు చేతికందేంత దూరంలోకి వెళ్ళాక మాత్రం ఆయన భుజాలు ఒక్కసారి కుంచించుకుపోయాయి, గొంతు వణికింది.

"బాబూ, లోపల అంతమందిని చూస్తే నాకు కాళ్ళాడటం లేదు. కాస్త తోడొస్తావా?"

హకాలా అటూ ఇటూ చూశాడు. "నన్నా?"

"నిన్నే. నువ్వు కాస్త గట్టిగా ఉన్నావు."

"వాళ్ళకి నేనంటే భయం సార్."

"నాకు వాళ్ళంటే భయం. సరిపోయింది. పద."

అతను కదల్లేదు. బూటుతో మట్టిని గీశాడు. "నాకూ వాళ్ళంటే భయమే," అన్నాడు చివరికి. "మంటలప్పుడు కూడా ఒక చెయ్యి వేద్దామనే వచ్చేవాణ్ణి. దగ్గరికి రాలేకపోయా." అది నిజమో కాదో నాకు తెలియదు. ఆ మాట అతని నోట అంతకుముందు ఎవరూ వినలేదు, ఎందుకంటే ఎవరూ అడగలేదు.

అప్పుడు నాకు డార్లా గుర్తొచ్చింది. ఆ రెండు చలికాలాలూ ఆమె విడిచిపెట్టిన మొగుడు పార్కింగులో ట్రక్కు వేసుకుని కూర్చునేవాడు. అది మాకందరికీ చాలాకాలం తర్వాత తెలిసింది. ఆయనకు మాత్రం ముందే తెలుసన్నమాట. అగ్గిపుల్లల సంగతి నేను చెప్పకపోయినా నా కాఫీ కప్పు చెప్పేసి ఉంటుంది. ఆయనకు నేను కాపలా కాశానని ఇన్నాళ్ళూ విసుక్కుంటూ, లోలోపల గర్వపడుతూ కూడా ఉన్నాను!

ట్రెంబత్ గారు హకాలా చెయ్యి పట్టుకుని వేలాడుతూ హాలులోకి వచ్చారు. ఎవరైనా చూస్తే ఆ భారీ మనిషి ఈ ముసలాయన్ని కాపాడి తెస్తున్నాడనే అనుకుంటారు. ఓపల్ బ్రేడీ అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. కర్రతో పక్క కుర్చీని ఇవతలికి లాగింది. పై ముక్క ఒకటి ప్లేటులో వేసి బల్ల మీద తోసింది.

"నిలబడి చూడకు. కూర్చుని తిను."

అతను కూర్చున్నాడు. ఆ చిన్న కుర్చీ మూలిగింది. కాసేపటికి ఎవరో, "నా దుకాణం బోర్డు వెలిసిపోయిందోయ్ లెనార్డ్," అన్నారు, కాఫీ కప్పులోకి చూస్తూ.

తిరుగు ప్రయాణంలో కారు నేనే నడిపాను. కొంతదూరం వెళ్ళాక ఉండబట్టలేక అడిగేశాను.

"ఓర్విల్ గారూ, నిజం చెప్పండి. మీకసలు భయమంటూ ఉందా?"

"ఉందమ్మా, బోలెడంత! అయితే భయపడ్డవాళ్ళు తోడు అడగాలంటే సిగ్గుపడతారు. నాకు ఆ సిగ్గు లేదు. అందుకని వాళ్ళ తరఫున కూడా నేనే అడిగేస్తుంటా." నా వైపు తిరిగి, "ఈ మాట మాత్రం ఎక్కడా అనకు," అన్నారు.

"ఏం? మంచి మాటేగా?"

"తెలిస్తే ఇంకెవరూ తోడు రారు తల్లీ. అప్పుడు నా గతేం కాను?"

నేను నవ్వాపుకోలేక స్టీరింగు మీద వాలిపోయాను. ఆయన సీటు అంచు రెండు చేతులా పట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నారు. మా ముందు ఒక పాల ట్రక్కు కొండ ఎక్కలేక ఎక్కుతోంది, నేను దాన్ని దాటబోతున్నాను.